స్నేహితుడి క్యాన్సర్ ఖర్చు: ఫొటో పెట్టి చందా అడగాలా, వద్దా?

రాయగడ కుర్రాడు:
మా టెన్త్ బ్యాచ్‌లో ఒకడికి నోటి క్యాన్సర్ అని తేలింది. ఆటో తోలుకుని బతికేవాడు, భార్య, ఇద్దరు పిల్లలు. వైజాగ్‌లో చూపిస్తే ముందు ఆపరేషన్, తర్వాత రేడియేషన్ అన్నారు. అప్పట్నుంచి గ్రూపులో ఇదే గొడవ. ఫొటో, రిపోర్టులు, ఫోన్‌పే నంబరు పెట్టి అందరికీ పంపేద్దాం అని సగం మంది. వాడేమో "అప్పు చేసైనా చూపించుకుంటా గానీ నా మొహం ఊరందరి ఫోన్లలోకి ఎక్కించొద్దురా" అంటున్నాడు. వాడి మాట వినాలా, ప్రాణం చూడాలా? మీరైతే ఏం చేస్తారు?

జేకేపూర్ ఉద్యోగి:
ఆలోచించడానికేముంది బ్రదర్, పెట్టేయండి. నోటి క్యాన్సర్ మన మొహమాటం కోసం ఆగదు, ఆలస్యమైనకొద్దీ ఆపరేషన్ పెద్దదవుతుంది. అడగందే అమ్మైనా పెట్టదు. ఇప్పుడు సిగ్గుపడి రేపు పిల్లలు తండ్రి లేనివాళ్లయితే ఆ సిగ్గు ఎవరికి కావాలి?

గుణుపురం అక్క:
తమ్ముడూ, వాడు వద్దన్నాడు. నా దృష్టిలో ఫొటో సంగతి అక్కడితో అయిపోయింది. జబ్బు వచ్చినంత మాత్రాన తన మొహం మీద, తన రిపోర్టుల మీద మనిషికి హక్కు పోదు. ఒకసారి వాట్సాప్‌లోకి వదిలాక మనం ఆపుదామన్నా ఆగవు, జబ్బు నయమయ్యాక కూడా ఆ ఫొటో తిరుగుతూనే ఉంటుంది.

అసలు చందా దాకా ఎందుకు వెళ్లారు? ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉందేమో చూశారా? 2018 నుంచి మన ఒడిశాలో బిజూ స్వాస్థ్య కల్యాణ్ ఉండేది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి పెట్టారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం, ఇంట్లో ఆడవాళ్లకు ఇంకో 5 లక్షలు. రేషన్ కార్డు ఉన్న ఇల్లు అయితే సాధారణంగా అర్హులే. ఆయుష్మాన్ కార్డు పక్క రాష్ట్రంలో కూడా పనిచేస్తుంది, కాకపోతే ఆ ఆసుపత్రి పథకంలో ఉండాలి, అదీ క్యాన్సర్ విభాగానికి ఉండాలి. అందుకే అడ్మిట్ అయ్యే ముందే అక్కడ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగండి. ముందు డబ్బు కట్టేసి తర్వాత కార్డు చూపిస్తే ఆ డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం.

నా స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు నేను దగ్గరుండి చూశాను. రేషన్ కార్డులో ఒడియాలో రాసిన పేరు ఒకలా, ఆధార్‌లో ఇంటిపేరుతో ఇంకోలా ఉండి కార్డు దగ్గర పని ఆగిపోయింది. ఆ వారం తనకు కావలసింది డబ్బు కాదు, ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. మీ గ్రూపులో ఖాళీగా ఉన్నవాడెవడైనా ఉంటే ముందు ఈ పని వాడికి అప్పజెప్పండి.

పర్లాకిమిడి నుంచి:
అక్కా, ఇంకో దారి ఉంది. పార్వతీపురం వైపు బంధువులుంటే వాళ్ల రేషన్ కార్డులో పేరు ఎక్కిస్తే ఆంధ్రా వాళ్ల ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుంది. సరిహద్దులో ఉన్నవాళ్లం, చాలామంది చేస్తున్నదే.

గుణుపురం అక్క:
వద్దండి. తప్పన్న సంగతి సరే, రేడియేషన్ సగంలో ఉండగా ఎవరైనా అడ్రస్ పట్టుకుంటే ట్రీట్‌మెంట్ ఆగిపోతుంది, పేరు ఎక్కించుకున్న బంధువులూ ఇరుక్కుంటారు. ఒడిశా మనిషికి ఒడిశా కార్డు ఉంది కదా. అది వైజాగ్‌లో కుదరకపోతే కటక్‌లో ఆచార్య హరిహర క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. దూరం, నిజమే. వైజాగే కావాలంటే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, పెద్ద ప్రైవేటులో అడ్వాన్స్ కట్టే ముందు అక్కడ ఒకసారి చూపించండి.

జేకేపూర్ ఉద్యోగి:
అక్కా, కార్డు కార్డు అంటున్నారు, కార్డు అన్నీ ఇస్తుందా? బయాప్సీ, స్కాన్‌లు అన్నీ ఇప్పటికే చేతి డబ్బుతో అయ్యుంటాయి. రేడియేషన్ అంటే వారాల తరబడి అక్కడే గది తీసుకుని ఉండాలి. ఆటో ఆగింది, ఇల్లెలా గడుస్తుంది? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఆ అప్పు క్యాన్సర్ కంటే ఎక్కువ తినేస్తుంది. దీనికి చందా కాక ఇంకేముంది?

గుణుపురం అక్క:
మీరన్నది నిజమే, నేను చెప్పాలనుకున్నదీ అదే. ఆయుష్మాన్‌లో ఆసుపత్రిలో ఉన్న రోజులు కాక, అడ్మిషన్‌కు ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చే లెక్కలోకి వస్తుంది. అంతకు ముందు చేయించిన పరీక్షలు, గది అద్దె, తిండి, పోయిన కూలి, ఇవన్నీ ఇంటి మీదే పడతాయి. స్నేహితుల డబ్బు వెళ్లాల్సింది ఇక్కడికే. దానికి వెయ్యి మందికి ఫొటో పంపక్కర్లేదు. క్లాసులో చదివినవాళ్లు నెలనెలా తలా ఇంత అని ఏడాది పాటు ఇస్తే చాలు. డబ్బు భార్య ఖాతాలో నేరుగా వేయండి, అది అప్పు కాదని మొదటి రోజే చెప్పండి. తిరిగి ఇవ్వాలేమోనన్న టెన్షన్‌తో మందులు తగ్గించుకున్న మనిషిని నేను చూశాను.

రైలు సంగతి కూడా చెబుతా. ట్రీట్‌మెంట్‌కి వెళ్లే క్యాన్సర్ పేషెంట్‌కు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం తగ్గింపు. డాక్టర్ సంతకం చేసిన ఫారం పట్టుకుని స్టేషన్ కౌంటర్‌లో తీసుకోవాలి. కీమో కూడా రాస్తే ఇంకో మాట: ప్రతి విడతకు ముందు సీబీసీ అనే రక్తకణాల పరీక్ష చూస్తారు, తెల్ల కణాలు తక్కువుంటే ఆ రోజు ఎక్కించరు. మా స్నేహితురాలు గుణుపురం ప్యాసింజర్‌లో వైజాగ్ దాకా పోయి, కణాలు పడిపోయాయని సూది లేకుండానే వెనక్కి వచ్చింది. ఆ రాత్రి గది అద్దె, కూలి, ఓపిక అన్నీ పోయాయి. డాక్టర్‌ను అడిగి ఆ పరీక్ష ముందు రోజు ఊళ్లోనే చేయించి రిపోర్టు ఫోన్‌లో పంపడం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది. జిల్లా ఆసుపత్రుల్లో కూడా కొన్ని కీమోలు ఉచితంగా ఇస్తున్నారు, మీ పెద్ద డాక్టర్ ఒప్పుకుంటే అదీ వాడుకోండి.

రాయగడ కుర్రాడు:
అక్కా, కార్డు ఉందో లేదో కూడా మేం అడగలేదు. ఇప్పుడే ఫోన్ చేశా, ఉంది, వాళ్లమ్మ పెట్టెలో. రేపు నేనూ ఇంకో ఇద్దరం వైజాగ్ వెళ్లి ఏ ఆసుపత్రిలో నడుస్తుందో కనుక్కుంటాం. నెలకు ఇచ్చేవాళ్ల పేర్లు గ్రూపులో కాకుండా నా దగ్గరే రాసుకుంటున్నా, ఎవరు ఎంత ఇచ్చారో వాడికి తెలియకూడదని.

జేకేపూర్ ఉద్యోగి:
మంచిది. నేనూ ఇస్తా, మెసేజ్ చెయ్యి. కానీ నా మాట మార్చుకోను. ఈ ఏడాది 5 లక్షలు అయిపోయి ఇంకా ట్రీట్‌మెంట్ మిగిలితే అప్పుడు వాడి దగ్గర కూర్చుని మళ్లీ అడగాలి, ఫొటో లేకుండా ఉత్త ఉత్తరమైనా పెడదామా అని.

గుణుపురం అక్క:
అడగండి, తప్పులేదు. వాడు ఊ అంటే నేనే రాసిస్తా. ఈలోగా ప్రధానమంత్రి సహాయ నిధికి దరఖాస్తు కూడా చూసుకోండి, ఆసుపత్రి అంచనా పత్రం కావాలి, అయిపోయిన ఖర్చుకు ఇవ్వరు, కాబట్టి ఆపరేషన్ తేదీ రాకముందే పెట్టాలి.