గ్రీసులో పాత రాళ్ల మధ్య పది రోజులు: పెద్దవాళ్లతో వెళ్లివచ్చినవారు చెప్పండి

నీలిగోడ:
అక్టోబరు రెండో వారంలో అమ్మనూ నాన్ననూ తీసుకుని గ్రీసు వెళ్తున్నాను. అక్కడ ఉండేది పది రోజులు. నాన్న 31 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్పారు. గ్రీకుల పాఠం వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద మూడు రకాల స్తంభాలు గీసేవారు: డోరిక్, అయోనిక్, కొరింథియన్. వాటిలో ఒక్కదాన్నీ కళ్లారా చూడలేదు. ఈ ప్రయాణం ఆయన కోసం. అమ్మకు మోకాళ్ల నొప్పి. మెట్లు మెల్లగా ఎక్కుతుంది, దిగడమే కష్టం.

ఒక ట్రావెల్ ఏజెన్సీ వాళ్లు ఏథెన్స్, డెల్ఫీ, మెటియోరా, ఒలింపియా, మైకోనోస్, శాంటొరిని, క్రీట్ అన్నీ ఈ పది రోజుల్లోనే చూపిస్తామంటున్నారు. ఇది అయ్యే పనేనా? వీటిలో ఏవి వదిలేయాలి? వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పండి.

సైకిల్ బుట్ట:
ఆ పట్టిక ప్రకారం వెళ్తే మీ నాన్నగారు స్తంభాల కంటే బస్సు కిటికీలనే ఎక్కువ చూస్తారు. ఏథెన్స్ నుంచి ఒలింపియాకు దాదాపు 300 కిలోమీటర్లు. మెటియోరా దానికి పూర్తిగా వేరే దిక్కు, ఇంకాస్త దూరం కూడా. దీవులకు వెళ్తే ఓడ ఎక్కడానికీ దిగడానికీ సగం రోజు పోతుంది, గాలి ఎక్కువగా ఉంటే ఆ ఓడా కదలదు. మేము మైకోనోస్‌లో రెండు రోజులు కాచుకు కూర్చున్నా డెలోస్ దీవికి పడవ వెళ్లలేదు. అపోలో పుట్టిన చోటని అంత దూరం వెళ్లి ఒడ్డున నిలబడి చూసి వచ్చాం.

నా సలహా రెండే మకాములు. ఏథెన్స్‌లో ఆరు రాత్రులు, నాఫ్‌ప్లియోలో మూడు. నాఫ్‌ప్లియో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పాత ఊరు, స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో గ్రీసుకు రాజధాని. అక్కడి నుంచి పాత కోట ఉన్న మైసీనే, ప్రాచీన రంగస్థలం ఉన్న ఎపిడారస్ రెండూ గంటలోపు ప్రయాణమే. కారు తీసుకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే చేయించుకుని వెళ్లండి. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. మొదటి రోజు ఏథెన్స్ నగరంలో నడపవద్దు, ఊరు దాటాక ఎక్కడైనా కారు తీసుకోండి.

చరిత్ర మాస్టారు:
నీలిగోడ గారూ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు నిండింది. నేనూ అదే వృత్తిలో ఉండి పదవీ విరమణ చేశాను, రెండేళ్ల కిందట వెళ్లివచ్చాను.

మూడు రకాల స్తంభాలూ ఏథెన్స్‌లోనే చూపించవచ్చు. డోరిక్‌కు అక్రోపొలిస్ కొండ మీది పార్థెనాన్ ఆలయం. దాని పక్కనే అయోనిక్‌కు ఎరెక్థియాన్ ఆలయం. కొరింథియన్ కోసం కొండ దిగి ఒలింపియన్ జ్యూస్ దేవుడి ఆలయానికి వెళ్లండి. ఒకప్పుడు 104 స్తంభాలున్న గుడి అది, ఇప్పుడు 15 నిలబడి ఉన్నాయి. మరొకటి 1852 తుపానుకు పడిపోయింది. దాని రాతి చక్రాలు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. స్తంభం ఒకే రాయి కాదనీ, ముక్కలు పేర్చి కట్టారనీ పిల్లలకు వంద సార్లు చెప్పిన నేను, ఆ పడిన స్తంభం దగ్గర నిలబడిన రోజునే నిజంగా అర్థం చేసుకున్నాను.

పార్థెనాన్ కట్టింది క్రీ.పూ. 447 నుంచి 432 వరకు. రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన ఆ కట్టడాన్ని ధ్వంసం చేసింది కాలం కాదు. 1687లో తుర్కులు అందులో తుపాకిమందు నిల్వ చేశారు, ముట్టడించిన వెనిస్ సైన్యం పేల్చిన గుండు దాని మీద పడింది. ఒక్క పేలుడుతో నడిమి భాగం ఎగిరిపోయింది. శిథిలం అనగానే ఎండకూ వానకూ అరిగిపోయిందనుకుంటాం. చాలా చోట్ల అది మనుషులు చేసిన పని. అక్కడ నిలబడినప్పుడు ఈ మాట నాన్నగారితో చెప్పండి, ఆయనకు తెలిసినదే అయినా.

పప్పన్నం:
మీరు శాకాహారులా? అయితే ఒక ముఖ్యమైన సంగతి. అక్కడి క్రైస్తవులకు ఉపవాస దినాలు చాలా ఎక్కువ. ఆ రోజుల్లో తినే వంటలను నిస్తీసిమా అంటారు, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. ఆ మాట చెబితే చాలని చాలామంది సలహా ఇస్తారు. కానీ రొయ్యలు, ఆక్టోపస్ వాళ్ల ఉపవాసంలో చెల్లుతాయి! అందుకని ఏది తెప్పించినా ఒకసారి అడిగి తినండి.

మాకు బాగా నచ్చింది ఫావా. పసుపుపచ్చని పప్పును మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, నిమ్మరసం, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తారు. మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టం. గిగాంతెస్ అంటే టమాటాలో వండిన పెద్ద చిక్కుడు గింజలు. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర. యెమిస్తా అని టమాటాలలో, క్యాప్సికంలో అన్నం కూరి వండుతారు, కొన్ని చోట్ల అందులో కీమా కలుపుతారు కాబట్టి అడగండి. ఒక పచ్చడి సీసా సూట్‌కేసులో ఉంటే ఫావా ఇంకా బాగుంటుంది.

ఇంకొకటి. గ్రీకులో "నే" అంటే అవును. కాదనడానికి "ఓహి" అంటారు. హిందీ విన్న చెవికి ఆ "నే" కాదన్నట్టే వినిపిస్తుంది. మా అత్తగారు రెండు రోజులు ప్రతి హోటల్లోనూ ఏదీ లేదంటున్నారని బాధపడ్డారు.

నీలిగోడ:
అందరికీ ధన్యవాదాలు. అమ్మ పూర్తి శాకాహారి, ఆక్టోపస్ సంగతి ముందే తెలియడం మంచిదైంది. అక్రోపొలిస్ కొండ అమ్మ ఎక్కగలదా? అసలు భయం అదే.

సైకిల్ బుట్ట:
ఎక్కనవసరం లేదు. నడవలేనివారికి కొండ ఉత్తరం వైపు లిఫ్టు ఉంది, పైన కాంక్రీటు దారులు కూడా వేశారు. ఆ దారులు అందాన్ని చెడగొట్టాయని గొడవ జరిగింది గానీ, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు పార్థెనాన్ ఎదురుగా నిలిచి చూస్తుంటే నాకు ఆ గొడవ అనవసరం అనిపించింది. లిఫ్టు గురించి ముందుగానే వాళ్లకు రాసి అడగండి, వైద్యుడి కాగితం ఇంగ్లిషులో వెంట ఉంచుకోండి.

టికెట్ 2025 ఏప్రిల్ నుంచి 30 యూరోలు. ఏ వేళకు లోపలికి వెళ్లాలో టికెట్ మీదే ఉంటుంది, దానికి పావుగంట అటూ ఇటూ మాత్రమే ఒప్పుకుంటారు. రోజుకు 20,000 మందికి మించి పంపరు. సాంస్కృతిక శాఖ అధికారిక ఈ-టికెట్ వెబ్‌సైటులోనే కొనండి. ఉదయం ఎనిమిది గంటల టికెట్ దొరికితే అదే అదృష్టం. చెప్పులు మాత్రం జాగ్రత్త: వేలవేల పాదాలు నడిచి ఆ పాలరాయి అద్దంలా నునుపెక్కింది. అడుగున రబ్బరు పట్టు ఉన్న బూట్లు కావాలి. అక్టోబరులో మూసే వేళలు మారుతుంటాయి, వెళ్లే రోజు ఉదయం చూసుకోండి.

లండన్ తెనాలి:
నేను లండన్‌లో ఉంటాను, మా ఊరు తెనాలి. నా అనుభవం కాస్త వేరు, కానీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

అక్రోపొలిస్ కింద 2009లో తెరిచిన మ్యూజియం ఉంది. దాని పై అంతస్తును పార్థెనాన్ ఏ దిక్కుకు తిరిగి ఉందో అదే దిక్కుకు తిప్పి కట్టారు. ఆలయం చుట్టూ ఉండిన శిల్పాల వరసను అదే కొలతతో గోడల మీద అమర్చారు. మొత్తం 160 మీటర్ల వరస అది. అసలు రాళ్లు తేనె రంగులో ఉంటాయి. నడుమ నడుమ తెల్లటి సున్నపు అచ్చులు. ఆ తెల్లనివన్నీ ఏథెన్స్‌లో లేని రాళ్లు, ఎక్కువ భాగం లండన్‌లో ఉన్నవి. ఒక గుర్రం తల అసలుది, మెడ నుంచి అచ్చు. కింది అంతస్తులో ఎరెక్థియాన్ కప్పును స్తంభాల్లా మోసిన రాతి కన్యలు ఐదుగురు నిలబడి ఉంటారు. ఆరో ఆమె బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

నేను ఆమెను లండన్‌లో చాలాసార్లు చూశాను. అప్పటి బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువు మనుషులు 1801 నుంచి ఊడదీసిన రాళ్లవి, 1816లో బ్రిటిష్ ప్రభుత్వం కొని మ్యూజియానికి ఇచ్చింది. అదే మ్యూజియంలో మరో గదిలో, గాజు గోడ వెనుక, మన అమరావతి స్తూపం రాళ్లున్నాయి. మద్రాసులో ఇంగ్లిషు అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. వాటిని కూడా చాలా కాలం "ఇలియట్ మార్బుల్స్" అనే పిలిచారు, నిజానికి అవి పల్నాటి సున్నపురాళ్లు. మిగిలినవాటిలో ఎక్కువ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. ఏథెన్స్‌లో ఆ తెల్లటి అచ్చుల ముందు నాకు మా ఊరికి అంత దగ్గరలో ఉన్న అమరావతి మట్టిదిబ్బ గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది. లేని రాళ్లకు చోటు విడిచి చూపించే పద్ధతి మన దగ్గర కూడా ఉంటే ఎంత బాగుంటుంది!

చరిత్ర మాస్టారు:
లండన్ తెనాలి గారూ, ఎంత మంచి మాట చెప్పారు. ఇంకో పోలిక కూడా ఉంది. గ్రీసులో పాలరాతి శిల్పాలను కాల్చి సున్నం చేశారు, అమరావతిలోనూ అదే జరిగింది. అక్కడా ఇక్కడా గుడి రాళ్లు ఇళ్ల గోడల్లోకి వెళ్లాయి.

మైసీనే గురించి కూడా చెబుతాను. సింహద్వారం వరకు దారి నున్నగానే ఉంటుంది, ఆ పైన కోటలో ఎక్కుడు. అమ్మగారు పైకి వెళ్లకపోయినా నష్టం లేదు, కింద రోడ్డు పక్కనే ఉన్న అట్రియస్ ఖజానా తప్పక చూడాలి. పేరు ఖజానా, నిజానికి సమాధి. 13 మీటర్లకు పైగా ఎత్తున్న గుమ్మటం, రాళ్లను వరస వరసకూ లోపలికి జరిపి పేర్చారు. గుమ్మం మీది లోపలి దూలం ఒక్కటే సుమారు 120 టన్నులు. క్రేను లేని కాలం! లోపల అడుగు పెట్టగానే మన గొంతు మనకే తిరిగి వినిపిస్తుంది. ఇక్కడ తవ్వకాలు జరిపిన ష్లీమన్ 1876లో కోట లోపలి సమాధుల్లో దొరికిన బంగారు ముఖకవచాన్ని ట్రాయ్ యుద్ధం కథలోని రాజు అగమెమ్నాన్‌ది అనుకున్నాడు. అది ట్రాయ్ కథాకాలం కంటే కొన్ని వందల ఏళ్లు పాతది. దాన్ని చూడాలంటే ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియానికి వెళ్లాలి.

మామిడితోట:
క్రీట్ వదిలేయడం నాకు బాధగా ఉంది. నోసోస్ ప్యాలెస్ చూడకపోతే ఎలా?

సైకిల్ బుట్ట:
నోసోస్‌లో మనం చూసే ఎర్ర స్తంభాలు, పై అంతస్తులు చాలావరకు అక్కడ తవ్వకాలు జరిపిన ఇవాన్స్ 1900 తరువాత కాంక్రీటుతో కట్టించినవి. పాతది ఏదో, ఆయన ఊహ ఏదో తెలియక నాకు చిరాకు వేసింది.

మామిడితోట:
ఆ ఊహ లేకపోతే మోకాలెత్తు గోడలు మాత్రమే మిగిలేవి. మా పిల్లలకు అక్కడే రాజభవనం అంటే ఏమిటో తెలిసింది. పైగా హెరాక్లియోన్ మ్యూజియంలో అసలు వస్తువులున్నాయి, రెండూ కలిపి చూడాలి. కానీ పది రోజుల్లో కుదరదని ఒప్పుకుంటాను. క్రీట్‌కు విడిగా ఒక వారం కావాలి.

పప్పన్నం:
డెల్ఫీ మాత్రం ఉంచండి. ఏథెన్స్ నుంచి బస్సులో దాదాపు మూడు గంటలు. కొండవాలు కాబట్టి అపోలో ఆలయం దాకా ఎక్కి ఆగిపోవచ్చు, స్టేడియం ఇంకా పైన. మ్యూజియంలో కంచు రథసారథి విగ్రహం ఉంది, కళ్లూ కనురెప్పల వెంట్రుకలూ అలాగే ఉన్నాయి. దాని ముందు మా ఇద్దరికీ మాట రాలేదు.

వీసాకు ఆలస్యం చేయకండి. షెంగెన్ వీసా రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు, వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు.

నీలిగోడ:
నిన్ననే తిరిగి వచ్చాం. మీరు చెప్పినట్టే రెండు మకాములు, మధ్యలో ఒక్క రోజు డెల్ఫీ. మెటియోరా, ఒలింపియా, దీవులు అన్నీ వదిలేశాం.

లిఫ్టు పనిచేసింది. పార్థెనాన్ ముందు నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అగోరాలో, అంటే పాత ఏథెన్స్ సంత మైదానంలో, మళ్లీ కట్టిన అట్టలోస్ స్తంభాల మండపంలో, బయటి వరస డోరిక్, లోపలి వరస అయోనిక్ అని ఆయనే మాకు చూపించారు. ఒలింపియన్ జ్యూస్ ఆలయంలో పడిన స్తంభం దగ్గర జేబులోంచి చిన్న పుస్తకం తీసి గీసుకున్నారు. బల్ల మీద గీసేటప్పుడు కొరింథియన్ స్తంభం తల మీది ఆకుల వరసను ఇన్నేళ్లూ తప్పుగా గీశానని ఆ రాత్రి చెప్పారు.

లండన్ తెనాలి గారూ, ఆ తెల్లటి అచ్చుల దగ్గర అమ్మకు అమరావతి సంగతి చెప్పాను. వచ్చే నెల చెన్నై వెళ్లి ఎగ్మూరులో ఉన్నవైనా చూద్దామంది.

ఎపిడారస్ రంగస్థలం గురించి ఎవరూ వివరంగా రాయలేదు, అందుకే రాస్తున్నాను. 55 వరసలు, దాదాపు 14,000 మంది పట్టే చోటు. నాగార్జునకొండ లోయ మునిగేటప్పుడు అనుపుకు తరలించి మళ్లీ కట్టిన రంగస్థలాన్ని చిన్నప్పుడు చూశాను, అక్కడా మెట్ల మీద కూర్చుంటే కింది మాట వినిపిస్తుందని చెప్పేవారు. ఎపిడారస్‌లో అమ్మ కింది వరసలోనే ఆగిపోయింది, నాన్నా నేనూ మెల్లగా చివరి వరసకు ఎక్కాం. జనం పలచబడ్డాక అమ్మ నడుమనున్న గుండ్రటి రాయి దగ్గరకు నడిచి వచ్చి, గొంతు పెంచకుండా, "మధ్యాహ్నం మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది. పక్కన కూర్చుని అడిగినట్టే వినిపించింది. నాన్న అక్కడి నుంచే, "ఇంకా లేదు, దిగి వచ్చి వేసుకుంటాను" అన్నారు.