డెట్రాయిట్ రైళ్లను చంపింది కార్లేనా?

నోవి_మురళి:
2024 జూన్‌లో ఫోర్డ్ వాళ్లు బాగుచేసి తెరిచిన మిషిగన్ సెంట్రల్ స్టేషన్‌ని పిల్లలతో వెళ్లి చూసొచ్చాం. వెయిటింగ్ హాల్ పైకప్పు చూసీ చూసీ మెడ పట్టేసింది. అన్నీ ఉన్నాయి, రైలే లేదు. ఆఖరి రైలు 1988లోనే వెళ్లిపోయిందట. కార్ల కంపెనీలే ఊళ్లో ట్రాముల్నీ రైళ్లనీ మింగేసి, ఇప్పుడు సమాధికి సున్నం వేస్తున్నాయని నా వాదన. కాదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాతపట్టాలు:
నేనున్నాను మురళి గారూ. కార్ల కంపెనీ ట్రాముల్ని కొని మూసేసిందన్న కథ వేరే ఊళ్ల గురించి చెప్పేది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించకండి. డెట్రాయిట్‌లో 1922 నుంచీ ట్రాములు నగరం సొంతం. వాటిని నగరం చేతికి తెచ్చిన మేయర్ జేమ్స్ కౌజెన్స్ ఒకప్పుడు హెన్రీ ఫోర్డ్‌కి వ్యాపార భాగస్వామి! 1956 ఏప్రిల్‌లో ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద ఆఖరి ట్రాము నడిపిందీ, బండ్లను మెక్సికో సిటీకి అమ్మిందీ నగరమే.

అసలు తప్పు స్టేషన్ కట్టిన చోటులో ఉంది. 1910లో నది కింద కెనడాకు సొరంగం వేశారు. ఆ లైనుకు కలిసేలా డౌన్‌టౌన్‌కి దూరంగా, కార్క్‌టౌన్‌లో, 18 అంతస్తుల టవర్‌తో 1913లో స్టేషన్ లేపారు. ఊరు అటే పెరుగుతుందని ఆశ. జనం ట్రాముల్లో వస్తారులే అని కార్లు పెట్టుకోవడానికి పెద్దగా చోటు వదల్లేదు. ఊరు అటు పెరగలేదు. 1938 నాటికి స్టేషన్‌కి వచ్చే ట్రాములూ ఆగాయి. పెట్టెలు మోసుకుంటూ అంత దూరం ఎవరొస్తారండీ?

ట్రాయ్_లక్ష్మి:
చోటే కారణమైతే, డౌన్‌టౌన్‌లోనే ఉన్న బ్రష్ స్ట్రీట్, ఫోర్ట్ స్ట్రీట్ స్టేషన్లు ఎందుకు బతకలేదు? రెంటినీ 1970ల్లో కూల్చేశారు. మంచి చోట ఉన్నవే నేలమట్టం, మీరు తిట్టేది మాత్రం ఇంకా నిలబడే ఉంది!

డబ్బు సంగతి చూడండి. కోటిన్నర డాలర్లు పోసి కట్టిన స్టేషన్‌ని 1956లో 50 లక్షలకు బేరం పెడితే కొనే నాథుడు లేడు. అదే ఏడు ప్రభుత్వం అంతర్రాష్ట్ర రహదారులకు చట్టం చేసింది. 1967లో రైళ్లలో టపా తీసుకెళ్లే పనీ చాలావరకు పోయింది. ప్యాసింజర్ బండ్లకు ఆ కిరాయే కాస్త ఆసరా. రోడ్డేమో జనం సొమ్ముతో, పట్టాలేమో రైల్వే కంపెనీ సొంత ఖర్చుతో, పైగా వాటి మీద ఆస్తి పన్ను. ఇది పోటీయా?

నోవి_మురళి:
ఆ రోడ్ల మీద తిరిగేవి ఎవరి కార్లు మేడమ్? తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చారు.

పాతపట్టాలు:
ఫోర్ట్ స్ట్రీట్ విషయంలో లక్ష్మి గారు కొట్టిన దెబ్బ బాగానే తగిలింది. చోటు ఒక్కటే కారణం అనను, సరే. కానీ ఇప్పటికీ చికాగో నుంచి వచ్చే వుల్వరీన్ రైలు ఉడ్‌వర్డ్ మీద 1994లో కట్టిన చిన్న స్టేషన్లో ఆగుతుంది. అక్కడ దిగాక ఇంటికెలా అన్నదే మొదటి ప్రశ్న.

ట్రాయ్_లక్ష్మి:
ఆ బండి మా ట్రాయ్‌లోనూ ఆగుతుంది. అక్కడా మా ఆయన కారేసుకుని రావాల్సిందే, అది వేరే కథ. ఇంతకీ మురళి గారూ, మీరు పిల్లల్ని స్టేషన్‌కి ఎలా తీసుకెళ్లారు?

నోవి_మురళి:
కార్లోనే. పార్కింగ్ కోసం ఇరవై నిమిషాలు తిరిగాను.