దేశ చరిత్రను మలుపు తిప్పిన ఘట్టం మన సీమలో ఏదైనా ఉందా?

ప్రశ్న – కడప సోషల్ మాస్టారు

నేను కడప జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. దేశ చరిత్రలోని మలుపులు అనగానే ప్లాసీ, 1857, జలియన్‌వాలాబాగ్, 1947 అంటూ చెప్పుకుపోతాము. పిల్లలు ఆ సంవత్సరాలను అప్పజెప్పి ఊరుకుంటారు. ఈసారి పదో తరగతి వారిచేత గోడపత్రిక రాయిస్తూ, మన రాయలసీమ నేల మీద జరిగి, దేశమంతటి నడకను మార్చిన సంఘటన ఒకటి తీసుకోవాలనుకుంటున్నాను. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు గొప్పదే, 1847లో కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసిన తీరు పిల్లలకు తప్పక చెబుతాను. అయితే దానివల్ల కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) పాలన దేశమంతటా మారిందని చెప్పలేము కదా. ఈ గీటురాయికి నిలిచేది ఏదైనా ఉంటే పెద్దలు తెలియజేయగలరు.

జవాబు 1 – తుంగభద్ర గట్టు, కర్నూలు

మాస్టారూ, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1 కన్నా తగినది నాకు కనిపించడం లేదు. భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పరచడానికి 1948లో ధార్ కమిషన్ ఒప్పుకోలేదు. మరుసటి సంవత్సరం నెహ్రూ, పటేల్, పట్టాభి కూర్చున్న కమిటీ కూడా దానిని వాయిదా వేయమనే చెప్పి, మద్రాసు నగరాన్ని వదులుకుంటే ఆంధ్ర విషయం ఆలోచించవచ్చని ఒక చిన్న సందు మాత్రం ఉంచింది. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్ష తరువాత 1952 డిసెంబరు 15న కన్నుమూయగా, నాలుగు రోజులు తిరగకముందే ఆంధ్ర రాష్ట్రం ఏర్పరుస్తామని నెహ్రూ ప్రకటన చేయవలసి వచ్చింది. ఆ ప్రకటన రాష్ట్రంగా రూపు కట్టింది కర్నూలులోనే. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా, అనంతపురం జిల్లావాడైన నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిగా ప్రభుత్వం ఏర్పడింది. కట్టడాలు చాలక కార్యాలయాలు గుడారాలలో నడిచాయి. ఆ డిసెంబరులోనే ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్విభజన సంఘాన్ని వేశారు. 1956 నవంబరు 1 నాటికి దేశం 14 రాష్ట్రాలుగా, 6 కేంద్రపాలిత ప్రాంతాలుగా మారింది. ఇంతకన్నా పెద్ద మార్పు దేశపటంలో అంతకు ముందు 1947లోనే కదా వచ్చింది!

జవాబు 2 – పెన్నేటి ఇసుక, అనంతపురం

కర్నూలువారి అభిమానం అర్థం చేసుకోదగినదే, కానీ ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంఫిణీకి దత్తం చేసినప్పుడు థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఏడేళ్ళు ఉన్నాడు. బెంగాలులో 1793లోనే జమీందారులకు భూమి మీద శాశ్వత హక్కు కట్టబెట్టారు. మన్రో మాత్రం పాలెగాళ్ళను అణచివేసి, చేను చేనూ కొలిపించి, సర్కారుకూ రైతుకూ నడుమ మధ్యవర్తి లేని రైతువారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టాడు. అది తరువాత మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా భాగానికి, బొంబాయి వైపుకు వ్యాపించింది. ఈ రోజు కూడా రైతు చేతిలో పట్టా ఉంటుందన్నా, ఊరిలో జమాబందీ (ఏటా జరిగే భూమి లెక్కల తనిఖీ) జరుగుతుందన్నా దాని మూలాలు అక్కడికే వెళతాయి. మన్రో గవర్నరుగా ఉండి 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఈ ప్రాంతంలో కొందరు తమ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని చెబుతారు. పన్ను భారం మాత్రం తక్కువేమీ కాదు. నాలుగోవంతు తగ్గించమని వెళ్ళిపోయే ముందు ఆయనే రాసినా, పైవారు వినలేదు.

జవాబు 3 – పాత రికార్డుల గది

పై రెండు జవాబులలో ఒక తికమక ఉంది. రైతువారీ మొదట పుట్టింది బారామహల్‌లో, అంటే నేటి తమిళనాడులోని సేలం వైపు. మన్రో వెళ్ళిపోయిన వెంటనే ఇక్కడ దానిని పక్కనపెట్టి గ్రామాలను గుత్తకు ఇచ్చారు. దాదాపు పదేళ్ళ తరువాతే అది తిరిగి వచ్చింది. కనుక దత్తమండలాలు (నిజాం దత్తం చేసిన ఈ ప్రాంతం) ప్రయోగశాలే తప్ప పుట్టినిల్లు కాదు. ఇక 1953 విషయానికి వస్తే, మలుపు పడింది శ్రీరాములు కన్నుమూసిన మద్రాసులో, 1952 డిసెంబరులో. కర్నూలు ఆ మలుపు తరువాతి మజిలీ. అలాగని కర్నూలును చిన్నచూపు చూడనక్కరలేదు. రాజధాని ఇక్కడికి రావడానికి 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక కారణం, ఆ ఒడంబడిక వెనుక సీమవారి భయం కారణం. కోస్తావారితో కలిస్తే నీళ్ళూ కొలువులూ తమకు దక్కవన్న ఆ భయాన్ని తీర్చకుండా ఆంధ్రులందరూ ఒక్క గొంతుతో రాష్ట్రం అడగడం జరిగేది కాదు. అందుచేత మాస్టారు గీటురాయిని ఒక రోజుకు కాక ఆ ఒప్పందానికి పెడితే బాగుంటుందని నా అభిప్రాయం. రాజధాని మూడేళ్ళకే హైదరాబాదుకు తరలిపోవడం వేరే కథ.

ప్రశ్న అడిగినవారు – కడప సోషల్ మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. 1937 నుంచి 1956 వరకు గోడపత్రికగా వేయిస్తాను, మన్రోను వేరే పాఠానికి ఉంచుతాను. పిల్లలకు అర్థమయ్యేలా దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు 4 – తుంగభద్ర గట్టు, కర్నూలు

మద్రాసు రాష్ట్రపు పాత పటంతో మొదలుపెట్టండి. బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953లో మనవైపు వచ్చాయి, బళ్ళారి పట్టణం మైసూరుకు పోయింది. ఆ గీత ఎక్కడ గీశారో, ఎందుకు గీశారో పిల్లలచేతనే వెతికించండి. ఆదోనిలో ఈనాటికీ ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబాలున్నాయి గనుక, భాషను బట్టి గీత గీయడం ఎంత కష్టమో వాళ్ళకు మీరు చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది.