డిగ్రీలో ఇంటర్న్‌షిప్ ఉంచాలా, తీసేయాలా? పిల్లల్ని ఉద్యోగానికి సిద్ధం చేయాల్సింది ఎవరు?

కామర్స్ లెక్చరర్, తెనాలి

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో వచ్చిన మార్పుతో మూడేళ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక మరో రెండు నెలలు ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. ఇది దండగ, తీసేయాలని మా స్టాఫ్‌రూమ్‌లో సగం మంది అంటున్నారు. ఉంచాలనేది నా వాదన. అయితే పిల్లల్ని బయటికి పంపేసి మనం చేతులు దులుపుకోకూడదు.

ఒక వైవాలో జరిగింది చెబుతాను. బీకాం కుర్రాడు, ఆడిటర్ దగ్గర రెండు నెలలు పనిచేసి వచ్చాడు. ఏం చేశావురా అంటే "డేటా ఎంట్రీ సార్" అని తల దించుకున్నాడు. మార్కులు వేసి పంపేయబోయాను. ఎందుకో ఆగి, ఏం ఎంట్రీ చేశావో మొదటి నుంచి చెప్పమన్నాను. ఒక పెయింట్ల షాపు పర్చేజ్ రిజిస్టర్‌ను 14వ తేదీన జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే జీఎస్టీఆర్-2బీతో, అంటే సప్లయర్లు చూపించిన బిల్లుల జాబితాతో, ఒక్కో బిల్లూ పోల్చి చూశాడట. ఒక పెద్ద బిల్లు కనపడలేదు. సప్లయర్‌కు ఫోన్ చేస్తే, ఈ షాపు జీఎస్టీ నంబరు వేయకుండానే వాళ్లు రిటర్ను పెట్టేశారని తేలింది. తర్వాతి నెల సరిచేశారు. ఆ ఒక్క బిల్లు మీదే 21,600 రూపాయల పన్ను ఉంది. వీడు పట్టుకోకపోతే షాపువాడు కట్టాల్సిన పన్నులో అది తగ్గేది కాదు.

"దీన్ని రీకన్సిలియేషన్ అంటారురా, ఇది డేటా ఎంట్రీ కాదు" అంటే వాడు నా వంక వింతగా చూశాడు. చేసిన పని ఎంత విలువైనదో వాడికి ఎవరూ చెప్పలేదు. ఇంటర్వ్యూలో కూడా "డేటా ఎంట్రీ" అనే చెప్పి వచ్చేవాడు. తప్పు నాది. రెండు నెలల్లో నేను ఒక్కసారి కూడా ఆ ఆఫీసు గడప తొక్కలేదు.

బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్, పార్వతీపురం

సార్, మీ విద్యార్థికి కనీసం ఆడిటర్ దొరికాడు. మా ఊళ్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏముంది? విశాఖ వెళ్లాలంటే రూమ్ అద్దె, మెస్ బిల్లు, ఛార్జీలు. నాన్న వ్యవసాయ కూలీ. అందుకే నేనూ నా ఫ్రెండ్సూ ఆన్‌లైన్‌లో డబ్బులు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నాం. రికార్డు ఇంటర్నెట్‌లోంచి దించుకుని రాశాం. సిగ్గుగానే ఉంది, కానీ ఇంకో దారి లేదు. తీసేయమని నేను అనను. కాలేజీలోనే పని చూపించండి అంటున్నాను.

లారీ బాడీ షెడ్డు యజమాని, విజయవాడ ఆటోనగర్

అమ్మా, మీది ఆ బాధ, మాది ఇంకో బాధ. ఏప్రిల్ వచ్చిందంటే పిల్లలు లెటర్లు పట్టుకుని ఇరవై మంది వస్తారు. సంతకం పెట్టి పంపించమంటారు. షెడ్డులో వెల్డింగ్ నిప్పురవ్వలు, గ్రైండర్లు, తలమీద రేకులు. పదిహేను రోజులుండే పిల్లాడికి నేను ఏం అప్పజెప్పగలను? వేలు తెగితే ఎవరు జవాబు చెబుతారు? మా మేస్త్రీ కొత్తవాడికి మొదటి నెల టేపూ మూలమట్టమే ఇస్తాడు. ఛాసిస్ మీద ఎదురుమూలలు రెండూ కొలిచి, సమానంగా వచ్చాయో లేదో చూడమంటాడు. తేడా వస్తే బాడీ వంకర పోతుంది, అంతా ఊడదీయాలి. ఆ కొలత చేతికి రావడానికే నెల పడుతుంది. డిప్లొమా పిల్లలైనా, డిగ్రీ పిల్లలైనా ఇద్దరిని పంపండి, ఆరు నెలలు పంపండి, టీ ఖర్చులు కాదు, జీతమే ఇస్తాను.

రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, నల్గొండ

నాకు ఈ ధోరణే నచ్చడం లేదు. డిగ్రీ ఉన్నదే తక్కువ కాలం. అందులో ఒక సెమిస్టర్ బయట గడిస్తే చదవాల్సిన పేపర్లు ఏమవుతాయి? ప్రతి చదువునూ ఉద్యోగంతో తూచడం మొదలుపెడితే చరిత్ర, తెలుగు, ఫిలాసఫీ మూసేయాల్సిందే.

చేతులతో నేర్చుకోవడానికి నేను వ్యతిరేకిని కాను. పిల్లల్ని గుడికి తీసుకెళ్లి శాసనానికి అచ్చు తీయించేవాణ్ణి. రాయిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో తడుతూ అక్షరాల గుంటల్లోకి దించాలి. ఆరే సమయం చూసి సిరా గుడ్డతో అద్దాలి. తొందరపడితే కాగితం చిరుగుతుంది. నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరాలు తేలినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి. అప్పుడు ఎవరికీ ఉద్యోగం గుర్తు రాలేదు, రావాల్సిన అవసరమూ లేదు.

ఏజీ బీఎస్సీ పూర్తిచేసినవాణ్ణి, నంద్యాల

మా కోర్సులో గ్రామీణ వ్యవసాయ పని అనుభవం అని ఒక సెమిస్టర్ ఉంటుంది. ఊళ్లో ఉంటాం, ఒక్కొక్కరికి ఒక రైతును అప్పగిస్తారు, మా మాస్టార్లు వచ్చి పొలంలోనే ప్రశ్నలు వేస్తారు. ఆ వచ్చి చూడటమే దానికి ప్రాణం. ఇంకో మాట, 1961 అప్రెంటిస్ చట్టం కింద వెళ్లినవాళ్లకు స్టైపెండ్ హక్కు. ఇంటర్న్‌షిప్ పిల్లలకు ఆ రక్షణ లేదు. ముందు అది ఇప్పించండి, పార్వతీపురం చెల్లెమ్మ లాంటివాళ్లు విశాఖ వెళ్లగలుగుతారు.

కామర్స్ లెక్చరర్, తెనాలి

స్టైపెండ్ మాటకు నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను.

నల్గొండ మాస్టారూ, మీరు తీయించిన ఆ అచ్చు గురించి చదివి చాలాసేపు ఆలోచించాను. మిమ్మల్ని ఒకటి అడగాలనిపించింది. ఆ పనే చేస్తూ జీతం తీసుకునేవాళ్లు మైసూరులో, భారత పురావస్తు సర్వే శాసన విభాగంలో ఉన్నారు. ఆ రోజు పిల్లలకు ఆ మాట చెప్పారా? చెబితే చదువు విలువ తగ్గేది కాదు. గుడిమెట్ల మీద కూర్చోబెట్టి అరగంట మాట్లాడితే చాలు. నేను అడుగుతున్నది ఆ అరగంటే. ఉద్యోగానికి తయారీ అని చివరి సెమిస్టర్‌లో ఎవరినో తెచ్చి, టై కట్టుకోవడం, రెజ్యూమే రాయడం నేర్పిస్తున్నాం. పని చేసిన వారమే ఆ పని గురించి మాట్లాడించడం లేదు.

మా క్లాసులో శనివారం ఆఖరి గంట దానికే పెట్టాను. ఈ వారం ఏం చేశావు, ఎక్కడ తప్పు పోయింది, ఎలా కనిపెట్టావు, ఈ పనికి ఎవరు జీతం ఇస్తారు. నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాసి, లేచి చెప్పాలి. మొదట్లో గొంతు పెగలని ఆడపిల్లలు ఇప్పుడు క్లయింటుతో ఫోన్‌లో మాట్లాడుతున్నారు.

రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, నల్గొండ

చెప్పలేదండీ. నాకు తెలిసుండీ చెప్పలేదు. అందులో ఒకమ్మాయి శాసనాలు నాకంటే వేగంగా చదివేది. సెమిస్టర్ మొత్తం పోవడం మీద నా అభ్యంతరం అలాగే ఉంది, కానీ ఆ అరగంట నేను ఇచ్చి ఉండాల్సింది.

బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్, పార్వతీపురం

సార్, ఒక సందేహం. రైతులకు అప్పులిచ్చే ప్రాథమిక వ్యవసాయ సహకార సొసైటీలను కంప్యూటరీకరించే పథకానికి 2022లో కేంద్రం ఆమోదం ఇచ్చింది కదా, 63,000 సొసైటీలకు. మా మండలంలోని సొసైటీలో పాత లెడ్జర్లు ఎక్కించే పని మిగిలి ఉందని నాన్న చెప్పారు. చివరి సెమిస్టర్ అక్కడ చేస్తే ఒప్పుకుంటారా? లెటర్ ఎవరి పేరు మీద రాయాలి?

కామర్స్ లెక్చరర్, తెనాలి

సొసైటీ సీఈఓ గారి పేరు మీద రాయమ్మా, మీ ప్రిన్సిపాల్ సంతకంతో. "ఇంటర్న్‌షిప్ ఇప్పించండి" అని ఊరుకోకు. ఏ ఏడాది లెడ్జర్లు, రోజుకు ఎన్ని ఖాతాలు సరిచూడగలవో కూడా రాయి. రైతుల ఖాతాలు కాబట్టి ఎక్కించిన ప్రతి బాకీనీ పాత పుస్తకంతో ఇంకొకరు పోల్చాలి. ఆ పనికి మీ ఫ్రెండ్‌ని కూడా తీసుకెళ్లు. లెటర్ రాశాక ఇక్కడ పెట్టు, చూస్తాను.