పార్కిన్సన్స్ ఉన్న నాన్నగారికి మలబద్ధకం: పొడి మందు ఏ టైమ్‌కి ఇవ్వాలి?

నాన్నగారికి 71 ఏళ్లు, పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్లయింది. సిండోపా 110 (పార్కిన్సన్స్‌కి వేసే లెవోడోపా మాత్ర) రోజుకి నాలుగుసార్లు: ఉదయం 6, 11, సాయంత్రం 4, రాత్రి 9. ఐదు నెలలుగా మోషన్ నాలుగు రోజులకోసారి, అదీ మేకపెంటికల్లా. మోషన్ అవ్వని రోజుల్లో 11 గంటల మాత్ర పనిచెయ్యడం మొదలవడానికి గంటన్నర పడుతోంది. మామూలుగా ముప్పావుగంట చాలు.

ఇసబ్‌గోల్ నెల రోజులు వాడాం. నీళ్లు చాలకపోతే అది ఇంకా బిగుస్తుందని ఆలస్యంగా తెలిసింది. చెయ్యి వణికి గ్లాసులో సగం చొక్కా మీదే పడుతుంది, పైగా రాత్రి లేవాలని ఆయనే తక్కువ తాగుతారు. ఇప్పుడు మూత, స్ట్రా ఉన్న కప్పుతో లీటరున్నర దాకా తాగిస్తున్నాం. లాక్టులోజ్ 15 ఎంఎల్ రెండు వారాలు ఇస్తే మిగిలింది గ్యాసే. బిసాకోడిల్ (విరేచనం మందు) వేస్తే మర్నాడు అవుతుంది, తర్వాత మళ్లీ నాలుగు రోజులు అంతే. మలబద్ధకం పెంచుతుందని ట్రైహెక్సీఫెనిడిల్‌ని (వణుకు తగ్గడానికి ఇచ్చే మందు) డాక్టరే మెల్లగా తగ్గించి, రెండు నెలల క్రితం ఆపేశారు. బొప్పాయి, జామ, కాళ్ల కింద పీట, అన్నీ అయ్యాయి. (అరటిపండు దయచేసి చెప్పకండి.)

రక్తం, వాంతులు, కడుపునొప్పి లేవు. థైరాయిడ్ నార్మల్.

వారం క్రితం డాక్టర్ పాలీఇథిలిన్ గ్లైకాల్ పొడి 17 గ్రాములు రోజూ ఇమ్మన్నారు. టైమ్ అడగడం మర్చిపోయాం, మళ్లీ అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాతే. రాత్రి 9కి మాత్రతో పాటే ఇస్తున్నాం, వారంలో రెండుసార్లే అయింది.

ఇంట్లో పార్కిన్సన్స్ వాళ్లకి ఈ పొడి రోజూ ఇస్తున్నవాళ్లు, సిండోపాకి ఎంత ఎడంగా, ఏ టైమ్‌కి ఇస్తే పనిచేసింది?