కుర్జ్‌ఆర్బైట్ మొదలైంది, ఉద్యోగం నిలుస్తుందా?

స్టుట్‌గార్ట్ దగ్గరి నుంచి, కొత్త సభ్యుడు:

పెద్దలందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి జర్మనీకి వచ్చి, కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో చేరి ఐదు నెలలైంది. ఆర్డర్లు తగ్గినందువల్ల వచ్చే నెల నుంచి మా విభాగంలో పని గంటలు 40 శాతం తగ్గిస్తున్నామని, కుర్జ్‌ఆర్బైట్, అంటే ఉద్యోగం తీసేయకుండా గంటలు తగ్గించి, పోయిన జీతంలో కొంత ప్రభుత్వం భరించే పద్ధతి, అమలు చేస్తున్నామని చెప్పారు. భార్య, మూడేళ్ల పాప నాతోనే ఉన్నారు. జీతం ఎంత వస్తుంది, బ్లూ కార్డుకు (ఉద్యోగం మీద ఇచ్చిన నివాస అనుమతికి) ఇబ్బంది ఉంటుందా, దయచేసి చెప్పగలరు.

మ్యూనిక్ నుంచి:

తమ్ముడూ, చేసిన గంటలకు కంపెనీ పూర్తి జీతం ఇస్తుంది. కోత వల్ల చేతికి రాకుండా పోయిన మొత్తంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం అగెంటూర్ ఫ్యూర్ ఆర్బైట్ (ప్రభుత్వ ఉపాధి కార్యాలయం) భరిస్తుంది. నెలకు 3,000 యూరోలు చేతికొచ్చే మనిషికి కోత తర్వాత 1,800 వస్తాయనుకుంటే, పోయిన 1,200లో మీలాంటివారికి సుమారు 800 తిరిగి వస్తాయి. అది కూడా పే స్లిప్‌లోనే కలిసి వస్తుంది, మీరు ఎక్కడా అర్జీ పెట్టుకోనక్కరలేదు. పాప వివరాలు పన్ను రికార్డులో నమోదయ్యాయో లేదో మాత్రం చూసుకోండి. ఈ డబ్బుపై నేరుగా పన్ను లేదు కానీ మిగతా ఆదాయంపై పన్ను రేటును పెంచుతుంది, ఏడాదిలో 410 యూరోలు దాటితే రిటర్ను తప్పనిసరి. ఉద్యోగ ఒప్పందం కొనసాగుతూనే ఉంటుంది కనుక కుర్జ్‌ఆర్బైట్ వచ్చినంత మాత్రాన బ్లూ కార్డు పోదు.

స్టుట్‌గార్ట్ నుంచి, పాత సభ్యురాలు:

జీతం కన్నా ముందు మీరు అడగవలసింది ప్రొబేషన్ గురించి. ఆరు నెలలు నిండేవరకు రెండు వారాల నోటీసుతో తీసేయవచ్చు, నోటీసు అందుకున్నవారికి కుర్జ్‌ఆర్బైట్ భత్యం కూడా ఆగిపోతుంది. నిరుద్యోగ భృతికి గడచిన 30 నెలల్లో 12 నెలల నిరుద్యోగ బీమా చందా ఉండాలి. మీకు ఐదే ఉన్నాయి. కుర్జ్‌ఆర్బైట్ నెలలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి, అందుకే మీకు ప్రతి నెలా విలువైనదే.

2020లో మా కంపెనీలో కుర్జ్‌ఆర్బైట్ నడుస్తుండగానే ఒక శుక్రవారం మధ్యాహ్నం నన్ను పిలిచారు. బల్లమీద మూడు పేజీల కాగితం, పక్కనే మూత తీసిన పెన్ను ఉన్నాయి. ఇరువర్గాల అంగీకారంతో ఉద్యోగం ముగుస్తుందని, రెండు నెలల జీతం అదనంగా ఇస్తామని, సాయంత్రంలోగా సంతకం చేయకపోతే అదీ ఉండదని హెచ్‌ఆర్ అధికారిణి చాలా నెమ్మదిగా చెప్పారు. నేను కాపీ అడిగి తీసుకుని నేరుగా బెట్రీబ్స్‌రాట్, అంటే ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధుల గదికి వెళ్ళాను. అక్కడి పెద్దాయన రెండో పేజీలో ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, ఇలా సంతకం పెడితే ఉద్యోగం మీరే వదులుకున్నట్టు లెక్కకట్టి మామూలుగా 12 వారాలు భృతి ఆపుతారని చెప్పారు. సోమవారం సంతకం లేకుండానే తిరిగి ఇచ్చేశాను. వాళ్ళే నోటీసు ఇవ్వాలంటే ముందు బెట్రీబ్స్‌రాట్‌ను సంప్రదించాలి, సర్వీసు, వయసు, పోషించవలసిన పిల్లలు, వైకల్యం చూసి ఎవరిని తీయాలో తేల్చాలి. చివరికి నోటీసు రాలేదు, 2021 వేసవికి మళ్ళీ పూర్తి గంటల పని వచ్చింది.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

అక్కయ్య గారు చెప్పిన ఎంపిక నియమం ఆరు నెలలు దాటినవారికి, అదీ పదిమందికి మించి ఉద్యోగులున్న కంపెనీల్లోనే వర్తిస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంజిన్ భాగాల ఆర్డర్లు విద్యుత్ కార్ల వల్ల తగ్గుతుంటే, కుర్జ్‌ఆర్బైట్ ఆ పనిని తిరిగి తేలేదు. తిరిగిరాని పనికోసం మనుషుల్ని అక్కడే కూర్చోబెట్టడం వాళ్ళకు మేలు కాదని నా అభిప్రాయం.

మ్యూనిక్ నుంచి:

2009లోనూ ఇదే వాదన విన్నాం. ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ 5 శాతానికి పైగా కుంగినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. మే నెలలో 14 లక్షలకు పైగా కుర్జ్‌ఆర్బైట్‌లో ఉన్నారు, ఆర్డర్లు తిరిగి వచ్చేసరికి పని తెలిసిన మనుషులు కంపెనీల్లోనే ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో ఆ సంఖ్య దాదాపు 60 లక్షలకు చేరింది.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

అన్నయ్య గారూ, 2009లో ముందుగా పోయింది ఏజెన్సీల ద్వారా వచ్చిన తాత్కాలిక కార్మికుల ఉద్యోగాలు. శాశ్వత ఉద్యోగులకు దొరికిన గొడుగు వాళ్ళకు దొరకలేదు, మన పిల్లల్లో చాలామంది మొదట చేరేది అలాంటి ఏజెన్సీల్లోనే. పని స్వభావమే మారుతున్న చోట, 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన శిక్షణ భత్యం గురించి హెచ్‌ఆర్‌ను అడగడం మేలు. అందులోనూ 60, 67 శాతాలే, కానీ ఆ గంటల్లో కొత్త పని నేర్చుకోవచ్చు.

స్టుట్‌గార్ట్ నుంచి, పాత సభ్యురాలు:

శిక్షణ సంగతి ఒప్పుకుంటాను. తమ్ముడూ, ఈ వారమే చేయవలసినవి చెబుతాను. నోటీసు ఈమెయిల్‌లో వస్తే చెల్లదు, సంతకంతో కాగితం మీదే రావాలి. అలా వస్తే అందిన తేదీ కవరు మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే కార్మిక న్యాయస్థానానికి వెళ్ళే గడువు ఆ రోజు నుంచి మూడు వారాలే. ఉద్యోగం పోతున్నట్టు తెలిసిన మూడు రోజుల్లో అగెంటూర్‌లో నమోదు చేసుకోండి, ఉద్యోగం ముందే ముగుస్తుందని తెలిసిన రెండు వారాల్లో విదేశీయుల కార్యాలయానికి తెలపండి. మీ కంపెనీలో ఐజీ మెటాల్ (లోహ పరిశ్రమ కార్మికుల) సంఘం ఉంటే ఇప్పుడే చేరండి, వాళ్ళ న్యాయసహాయం మూడు నెలల సభ్యత్వం నిండాకే మొదలవుతుంది.