గుండెకు మేలు చేసే చేప ఏది? చెరువు చేపా, సముద్రపు చేపా?

ఉప్పల్ వాసి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్ళు. మొన్న సంక్రాంతి వెళ్ళాక గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నారు. వేటమాంసం బాగా తగ్గించి వారానికి రెండుసార్లు చేప తినమని వైద్యులు చెప్పారు. అప్పటి నుండి ప్రతి ఆదివారం రాంనగర్ చేపల మార్కెట్టుకు వెళ్ళి, ధర ఎక్కువైనదే మంచిదన్న నమ్మకంతో కొర్రమీను తెస్తున్నాను, మా అమ్మగారు దానిని నూనెలో ఎర్రగా వేయిస్తున్నారు. నిన్న మా తోడల్లుడు వచ్చి, గుండెకు పనికివచ్చేది సముద్రపు చేపేననీ, నేను పెట్టే ఖర్చంతా వృథా అనీ తేల్చేశాడు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

తార్నాక పోపులపెట్టె:
నేను చాలా ఏళ్ళు ఆసుపత్రిలో ఆహార సలహాదారుగా పనిచేశాను. మీ తోడల్లుడిగారి మాట సగం నిజం. చేపలో గుండెకు ముఖ్యంగా ఉపయోగపడేవి ఒమేగా-3 కొవ్వులలోని ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే రెండు రకాలు. వీటిలో ఎక్కువ భాగాన్ని చేప తనంతట తాను తయారు చేసుకోదు. సముద్రంలోని సూక్ష్మమైన నాచు తయారు చేస్తే, దానిని తిన్న చిన్న జీవుల ద్వారా అవి చేప ఒంట్లోకి చేరతాయి. మనకు కొల్లేరు పరిసరాల చెరువుల నుండి వచ్చే రవ్వ, బొచ్చె ప్రధానంగా తవుడు, నూనె తీసిన గింజల చెక్క వంటి మేతతో పెరుగుతాయి కనుక వాటిలో ఈ కొవ్వులు తక్కువ. కొర్రమీనులో అసలు కొవ్వే చాలా తక్కువ. అలాగని మీ ఖర్చు వృథా కాలేదు: వంద గ్రాముల చేపలో సుమారు 18 నుండి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, అవి సులువుగా అరుగుతాయి, బి12 విటమిన్ కూడా లభిస్తుంది. జబ్బు నుండి లేచినవారికి కొర్రమట్ట (కొర్రమీను) పులుసు పెట్టడం మన పెద్దలకు అలవాటైనది అందుకే. కానీ మీ వైద్యులు ఒమేగా-3 కోసం చెప్పి ఉంటే, మీరు వెతకవలసినవి కొవ్వు ఎక్కువగా ఉండే సముద్రపు చేపలైన కవళ్ళు (సార్డిన్), కానాగంతలు (మాకెరెల్). ఇవి కొర్రమీను కంటే ఎంతో చవక.

మరొక మాట. ఎర్రగా వేయించినప్పుడు చేపలోని మంచి కొవ్వు కొంత నూనెలోకి పోయి, వంటనూనె ముక్కలోకి చేరుతుంది. చేపను మార్చడం ఎంత అవసరమో, మూకుడును పక్కన పెట్టడం కూడా అంతే అవసరం.

భీమిలి అల:
కూకట్‌పల్లిలో స్థిరపడి పదేళ్ళయినా నా నాలుక మాత్రం భీమిలిలోనే ఉంది. మా ఇళ్ళలో కవళ్ళు రోజువారీ కూర. ఇక్కడి మా చుట్టాలు మాత్రం అతిథికి వంజరమో చందువానో పెట్టకపోతే మర్యాద దక్కలేదనుకుంటారు. కవళ్ళను చింతపండు పులుసులో, మట్టిచట్టిలో, గరిటె పెట్టకుండా చట్టినే అటూ ఇటూ తిప్పుతూ ఉడికిస్తే చెంచాడు నూనె సరిపోతుంది. నెత్తళ్ళు అనే చిన్న సముద్రపు చేపలను ముల్లుతో సహా నమిలి తింటాము కనుక కాల్షియం కూడా అందుతుంది. ముల్లు తీసి పారవేసే పెద్ద చేపలో ఆ లాభం ఉండదు.

హైదరాబాదులో ఒక ఇబ్బంది ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పడమటి తీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. అంటే నగరమంతా చేపల కోసం ఎగబడే, జూన్‌లో వచ్చే మృగశిర కార్తె నాటికి రెండు తీరాలలోనూ పెద్ద పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో ఎవరైనా "ఈ ఉదయం పట్టిన సముద్రపు చేప" అంటే నాటుపడవదా, మంచుపెట్టెలోదా అని ఒకసారి అడగండి. మంచులో సరిగా నిలవ ఉంచినదైతే తప్పేమీ లేదు.

మలక్‌పేట మధ్యాహ్నం:
కానాగంతల విషయంలో నా అనుభవం కూడా వినండి. నిరుడు వేసవిలో ఒక దుకాణంలో మంచు లేకుండా బల్లపై పరచిన కానాగంతలను కొన్నాను. తిన్న అరగంటలోనే ముఖం ఎర్రబడి, తల పగిలిపోతున్నట్లయి, గుండె దడదడలాడింది. ఇక జన్మలో చేప తినకూడదేమోనని భయపడ్డాను. అది చేప పడకపోవడం కాదనీ, చల్లదనం లేనిచోట సూక్ష్మజీవులు ఇటువంటి చేపల మాంసంలో హిస్టమిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయనీ, ఎంత ఉడికించినా అది పోదనీ వైద్యురాలు వివరించారు. ఇప్పుడు మంచులో ఉన్నవే కొని, మంచుతోనే ఇంటికి తెచ్చుకొని తింటున్నాను. మళ్ళీ ఇబ్బంది రాలేదు. కన్ను మెరుస్తూ, మొప్ప ఎర్రగా ఉండి, వేలితో నొక్కితే మాంసం తిరిగి పైకి లేవాలి.

రొయ్యల ప్రియుడు:
రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఎక్కువ కదా, వాటి సంగతి ఏమిటి? ఎండుచేపల మాట కూడా చెప్పండి.

తార్నాక పోపులపెట్టె:
వంద గ్రాముల రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఇంచుమించు 150 నుండి 190 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. అయితే రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పెంచేది నెయ్యి, వేటమాంసం వంటివాటిలో ఉండే సంతృప్త కొవ్వు. అది రొయ్యల్లో చాలా తక్కువ. గుండె జబ్బు లేనివారు చింతచిగురుతో వండుకొని అప్పుడప్పుడు తినవచ్చును, ఉన్నవారు ఎంత తినాలో తమ వైద్యులను అడగడం మేలు. ఎండుచేపల్లో ఉప్పు విపరీతం కనుక రక్తపోటు ఉన్నవారు దూరంగా ఉండాలి. కవళ్ళు, నెత్తళ్ళు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. గౌట్ (యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే కీళ్ళవాపు) ఉన్నవారికి నేను వాటిని చెప్పను. గర్భిణులకు చిన్న చేపలు మంచివి, శిశువు మెదడు ఎదుగుదలకు డి.హెచ్.ఎ. కావాలి, సొర వంటి పెద్ద వేటచేపల్లో పాదరసం పేరుకుంటుంది కనుక వాటిని మానాలి.

ఉప్పల్ వాసి:
ఇంత శ్రమకు బదులు చేపనూనె మాత్రలు వేస్తే సరిపోదా అని మా తమ్ముడు అడుగుతున్నాడు.

తార్నాక పోపులపెట్టె:
మాత్ర, చేప ఒకటి కావు. 1989లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, గుండెపోటు నుండి కోలుకున్న 2,033 మంది పురుషులలో కొవ్వు చేపలు తినమని సలహా పొందినవారిలో రెండేళ్ళలో మరణాలు 29 శాతం తక్కువగా కనిపించాయి. తరువాతి అధ్యయనాలన్నీ ఇంత స్పష్టమైన ఫలితం ఇవ్వలేదని కూడా చెప్పాలి. మాత్రల సంగతికి వస్తే, దాదాపు 26 వేల మందిపై అమెరికాలో జరిపి 2018లో వెల్లడించిన పరీక్షలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలను కలిపి లెక్కిస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. పైగా వేటమాంసం స్థానంలో చేప చేరినప్పుడు పళ్ళెంలోని సంతృప్త కొవ్వు కూడా తగ్గుతుంది. మాత్ర ఆ పని చేయదు. స్టెంటు ఉన్నవారు రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటారు కనుక వైద్యులను అడగకుండా మాత్రలు మొదలుపెట్టవద్దు. పరిమాణం అంటారా, వండిన చేప ఒక్కో పూటకు 85 గ్రాముల చొప్పున వారానికి రెండు పూటలని అమెరికా గుండె సంఘం చెబుతుంది. మన లెక్కలో పూటకు రెండు మధ్యరకం ముక్కలు.

ఉప్పల్ వాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం కిలో కానాగంతలు మంచుతో సహా తెచ్చి పులుసు పెట్టించాను. నాన్నగారు ఇష్టంగానే తిన్నారు కానీ, నెలకొక్కసారి కొర్రమీను ఉండాల్సిందేనన్నారు, ఒప్పుకున్నాను. అమ్మగారికి మాత్రం నీచువాసన భరించరానిదిగా ఉంది. దానికి మందేమైనా ఉందా?

భీమిలి అల:
ఉంది. కళ్ళుప్పు, పసుపు పట్టించి కడిగి, నిమ్మరసమో పుల్లటి మజ్జిగో పోసి పది నిమిషాలు ఉంచి మళ్ళీ కడగండి. ఆ వాసన క్షారగుణం గలది, పులుపు తగిలితే అణగిపోతుంది. చేపతో మజ్జిగ కలిస్తే బొల్లి వస్తుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి, దానికి ఆధారం లేదు. పులుసులో చింతపండు కూడా మరికొంచెం పెంచండి. మరునాటికి ఇంకా రుచిగా ఉంటుంది.